తూర్పు గోడకు మంగవేణి

సముద్రపు గాలికి పాడైపోయిన తూర్పు గోడకు బయటి తాపడంగా మంగవేణిని వేయించాలని ఇంట్లో నిర్ణయమైంది. అప్పుడావిడ వంటింట్లో పెసరట్టు తిరగేస్తోంది. అట్టు పళ్ళెంలో వేస్తుండగా భర్త సన్యాసిరావు ఆ సంగతి చెప్పాడు. ఎవరూ గొంతు పెంచలేదు. ఆయన అల్లం పచ్చడి ఇంకాస్త అడిగి వేయించుకున్నాడు కూడా.

ఇందులో తొందరపాటు ఉందని ఎవరూ అనుకోకూడదు. ఆ కాలనీ సముద్రానికి ఎదురుగా ఉంటుంది. సన్యాసిరావు ఇల్లు ఆఖరి వరసలోది, దాని తర్వాత ఇసుకే. కట్టిన దగ్గర్నుంచీ ఆ గోడకు సున్నం వేశారు, సిమెంటు రంగు వేశారు, ఒక ఏడాది పింగాణీ పలకలు అంటించారు. ఉప్పుగాలి అన్నిటినీ సమానంగా చూసింది. పలకలు ఒక్కొక్కటే ఊడి పెరట్లో పడుతుంటే, ఆ ఇంట్లో గిన్నెలు విసురుకుంటున్నారని పక్కవాళ్ళు కాలనీ సంఘానికి చెప్పుకున్నారు. గోడకు లోపలివైపు టీవీ ఉంది, సన్యాసిరావు మంచం ఉంది. కిందటి వానాకాలం చెమ్మ పాకి పాకి ఆయన దిండు దాకా వచ్చింది. దిండు దాకా రానంతకాలం అది గోడ సమస్య. వచ్చాక అది ఇంటి సమస్య అయింది.

బయటి గోడలకు ఏమేం వేయవచ్చో మునిసిపాలిటీవారు ఎప్పుడో తేల్చి చెప్పారు. గ్రానైటు, నాపరాయి, పలకలు, అల్యూమినియం రేకు, గృహిణి. గృహిణి విషయంలో షరతులు రెండే. సొంత ఇంటిదై ఉండాలి, పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటి ఉండాలి. అంతకన్నా తక్కువ వాడకం ఉన్నవాళ్ళు మొదటి ఎండకే చిట్లుతారని ఇంజనీర్ల అనుభవం. ఇంటికి దీపం ఇల్లాలని మనవాళ్ళు ఏనాడో అన్నారు. మునిసిపాలిటీవారు దీపాన్ని తీసి బయట పెట్టారు, అంతే.

పరీక్ష చేయడానికి ఉమాశంకర్ అనే ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, నమస్కారం పెట్టి, మంగవేణిని డాబా మీద మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాడు. తర్వాత ఉప్పునీళ్ళు చల్లించాడు. ఆఖరున సన్యాసిరావుని పిలిచి, ఆవిడ మీద ఒకసారి అరవమన్నాడు.

"మామూలుగా ఎలా అరుస్తారో అలాగే అరవండి సార్. కొత్తగా ఏమీ వద్దు."

సన్యాసిరావు అరిచాడు. ఇంజనీరు దగ్గరగా వచ్చి ఆవిడ ముఖం చూశాడు. ఎక్కడా బీట లేదు. ఇంజనీరుకు నిజంగానే బాధ కలిగింది.

"ఇంత గట్టి సరుకుని లోపల పెట్టుకుని, ఇన్నాళ్ళూ రంగులకి తగలేశారేంటండీ" అన్నాడు.

మంగవేణికి అభ్యంతరం లేదు. ఉందా అని ఎవరూ అడగలేదు కాబట్టి లేదనే రాసుకున్నారు. ఆవిడ ఒక్క సంగతి మాత్రం అడిగింది. ఆ నెలలోనే ఆవిడకు స్కూటీ నడపడానికి ఎల్ఎల్ఆర్ వచ్చింది. నలభై అయిదేళ్ళ వయసులో, తన ఫొటో అతికించి తన ఒక్కదాని పేరుతో వచ్చిన మొదటి కాగితం అది. దాని గడువు ఆరు నెలలు. కూతురు లిఖిత డిగ్రీ చదువుతూ, తీరిక ఉన్న సాయంత్రాలు వెనక సందులో తల్లికి బండి నేర్పుతోంది. మంగవేణికి తిన్నగా పోవడం వచ్చింది, బ్రేకు వేయడం వచ్చింది. పరీక్షలో బండితో ఎనిమిది అంకె తిప్పాలి. ఆవిడకు ఇంకా సున్నా దాకానే వచ్చింది.

"గడువులోపల దింపుతారా?" అని అడిగింది.

"వానలెళ్ళాక దింపీస్తాం కదా వేణీ" అన్నాడు సన్యాసిరావు. "కార్తీకం వచ్చీసరికి రాయి తెప్పించీస్తాను. ఆ తర్వాత నీ బండి నీది, నీ రోడ్డు నీది. నేనేటైనా కాదన్నానా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ మాట అన్నప్పుడు ఆయనకు పూర్తి నమ్మకం ఉంది. ఆయనకు ఎప్పుడూ, మాట అనేటప్పుడు పూర్తి నమ్మకం ఉంటుంది.

మేస్త్రీ తాతారావు సరుగుడు కర్రలతో పరంజా కట్టాడు. ఒక్క మనిషి అంత గోడకు ఎలా సరిపోతుందని లిఖిత అడిగితే తాతారావు నవ్వాడు.

"సాగుతారమ్మా. నాను శానా గోడలు సూసాను. ముందు సాలదనిపిస్తాది. లాగితే సాగుతారు."

నిజమే. ఇద్దరు కూలీలు చేతుల వైపు, ఇద్దరు కాళ్ళ వైపు పట్టుకుని లాగితే మంగవేణి పునాది రాయి నుంచి పిట్టగోడ దాకా వచ్చింది. అటు కిటికీ చుట్టూ కూడా చక్కగా అమరింది. ఒక జీతంతో నెలను చివరిదాకా లాగినావిడ, ఒక కోడిని పన్నెండు మందికి వడ్డించినావిడకు ఈ పాటి గోడ పెద్ద లెక్క కాదు. సన్న తీగ వల బిగించి, మాలు కలిపి పూశారు. ముఖం, కుడిచెయ్యి వదిలేశారు. ముఖం నిబంధనల ప్రకారం, చెయ్యి సన్యాసిరావు కోరిక మీద. కిటికీలోంచి అందుకుని పోపు వేయడానికి వీలుగా ఉంటుందని ఆయన ఆలోచన.

గోడకు పూజ పెట్టుకున్నప్పుడు చిన్న చిక్కు వచ్చింది. భార్య పక్కన లేకుండా పీటల మీద కూర్చోవడం కుదరదన్నాడు పురోహితుడు. భార్య గోడ మీద ఉంది. పురోహితుడు ఒక నిమిషం ఆలోచించి, ఆవిడ కొంగుకు పసుపుతాడు కట్టి, కిటికీ ఊచల మధ్యనుంచి లోపలికి తీసి, సన్యాసిరావు కండువాకు ముడివేశాడు. పూజ లోపమేమీ లేకుండా జరిగింది. ప్రసాదం కిటికీలోంచి అందించారు.

బొబ్బిలిలో ఉన్న అక్క ఫోను చేసింది. ఆవిడ గోడెక్కి మూడేళ్ళయింది. లిఖిత స్టూలు ఎక్కి ఫోను తల్లి చెవి దగ్గర పట్టుకుంది.

"మొదటి నెలే కష్టమే సెల్లీ" అంది అక్క. "వీపు ఆనించీకు, సలి పట్టీస్తాది. బుజం ఆనించు, నడుం నొప్పి రాదు."

"సరే అక్కా" అంది మంగవేణి. ఇంకేమైనా చెబుతుందేమోనని కాసేపు వింది. అక్క గోడవైపు కూడా గాలే వినిపించింది.

తాపడం పూర్తయ్యాక తాతారావు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. వారం పాటు పొద్దున, సాయంత్రం నీళ్ళు కొట్టాలి, లేకపోతే పగులుతుంది. అందరూ తలూపారు. ఇక్కడే పొరపాటు జరిగింది. ఆ ఇల్లు కట్టినప్పుడు గోడలకు నీళ్ళు కొట్టింది మంగవేణి. ఏటేటా మరమ్మతులప్పుడు కొట్టింది మంగవేణి. చంకలో పిల్లతో, చేతిలో చెంబుతో ఆవిడ గోడల చుట్టూ తిరుగుతుంటే చూసి చూసి, గోడలకు నీళ్ళు వాటంతట అవే పడతాయని ఆ ఇంటికి ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. సన్యాసిరావు లిఖిత కొట్టిందనుకున్నాడు. పరీక్షల గొడవలో ఉన్న లిఖిత, నాన్న కొట్టాడనుకుంది. ఎండ మటుకు ఎవరికోసమూ ఆగలేదు. వారం తిరిగేసరికి మంగవేణి నడుము దగ్గర మొదలై భుజం దాకా వెంట్రుకంత బీట కనిపించింది.

"చెప్పొచ్చు కదమ్మా" అంది లిఖిత. అప్పటికే ఏడుస్తోంది.

"నీకు పరీక్షలు కదా" అంది మంగవేణి.

ఇంజనీరు వచ్చి చూశాడు. సరుకులో దోషం లేదనీ, నిర్వహణ లోపమనీ తేల్చాడు. పరిష్కారం తేలికైనదే. కుడిచెయ్యి ఎలాగూ ఖాళీగా ఉంది కాబట్టి దానికి పైపు ఇప్పించారు. ఆ రోజు నుంచి రోజూ రెండు పూటలా మంగవేణి తనకు తానే నీళ్ళు కొట్టుకుంది. ఎక్కువైతే ట్యాంకు ఖాళీ అవుతుందని కొంచెం కొంచెంగా కొట్టుకుంది.

ఆ వానాకాలం ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. సన్యాసిరావు దిండు పొడిగా ఉంది. ఆయన ఆఫీసులో నలుగురికీ చెప్పాడు, ఆ నలుగురూ ఆదివారం చూడటానికి వచ్చారు. గోడను తట్టి చూశారు. ఒకాయన ముందు గోడను తట్టి, తర్వాత "బాగున్నారా చెల్లెమ్మా" అన్నాడు. దిష్టి తగులుతుందని సన్యాసిరావు ఆవిడ మెడలో నిమ్మకాయ, మిరపకాయల దండ వేయించాడు. ఉప్పెక్కడుంది, ఇంగువెక్కడుంది అని లోపల్నుంచి అడిగితే బయటనుంచి జవాబు వచ్చేది. కింది అర, ఎర్రమూత డబ్బా. ఇల్లు మునుపటిలాగే నడిచింది. ఇంకా చెప్పాలంటే, ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు కాబట్టి కొంచెం బాగానే నడిచింది.

చూస్తుండగానే ఆఖరి వరస మొత్తం అదే తాపడం వేయించుకుంది, తర్వాత ముందు వరస. భార్య ఉద్యోగస్తురాలైన ఇళ్ళవాళ్ళు తమకు అన్యాయం జరుగుతోందని అర్జీ పెట్టుకున్నారు. మునిసిపాలిటీవారు దయతలచి, పగలు ఆఫీసు, సాయంత్రం నుంచి గోడ అనే వెసులుబాటు ఇచ్చారు. ఆ ఆడవాళ్ళు బస్సు దిగి, సంచీ గడపలో పెట్టి, కాళ్ళు కడుక్కుని గోడెక్కేవారు. పెళ్ళికాని మగవాళ్ళు సిమెంటు రంగుతో సరిపెట్టుకున్నారు. వాళ్ళను చూస్తే కాలనీకి జాలి. సముద్రం ఒడ్డున నిలబడి చూస్తే వరసలు వరసలుగా ముఖాలు, అన్నీ సముద్రం వైపే చూస్తూ. షికారుకు వచ్చినవాళ్ళు కాలనీ శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళ్ళేవారు. మెచ్చుకున్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. శుభ్రంగానే ఉండేది.

మంగవేణి సాయంత్రాలు పైపు కట్టేశాక, తడిసిన గోడ మీద వేలితో ఎనిమిది అంకె గీసుకునేది. పైన సున్నా, కింద సున్నా, మధ్యలో ఎక్కడా కాలు కింద పెట్టకుండా. గాలికి అది ఆరిపోయేది, మళ్ళీ గీసేది. లిఖిత అన్నం ముద్దలు తినిపిస్తూ అది చూసేది.

"మలుపులో బ్రేకు ముట్టుకోకమ్మా. దూరం చూడు, చక్రం వైపు చూడకు."

"దూరమే కదే చూస్తున్నాను, పొద్దస్తమానూ" అనేది మంగవేణి.

కార్తీకం వచ్చింది. సన్యాసిరావు దగ్గర రాయి ఊసు లేదు. వాన లేని రోజుల్లో వాన గుర్తుండదు, గోడ పొడిగా ఉంటే గోడా గుర్తుండదు. లిఖిత మూడు పూటలు అన్నం మానేసింది. నాలుగో పూట ఆయనే దిగివచ్చాడు.

"దింపనని నేనన్నానేటే? బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను. మీ అమ్మేటీ అనలేదు కదా."

రాయి వచ్చింది, పెరట్లో పేర్చారు. తాతారావు ఉలితో మాలు చెక్కి మంగవేణిని దింపాడు. ఆవిడ కాసేపు పెరట్లో పొడుగ్గా పరిచినట్టే పడుకుంది. మొదటి రెండు రోజులు గుమ్మంలోంచి వంగి వెళ్ళవలసి వచ్చింది, తర్వాత మెల్లగా దగ్గరపడింది. వీపంతా ఉప్పు తెట్టు కట్టి ఉంది. లిఖిత వేడినీళ్ళు పోసి రుద్దుతుంటే అది పెచ్చులు పెచ్చులుగా రాలింది, కింద చర్మం మటుకు మునుపటిది కాదు. గోడ దిగాక ఆవిడ చేసిన మొదటి పని, స్కూటీ మీద దుమ్ము తుడవడం. ముందు అతికించిన ఎర్ర ఎల్ అక్షరం సగం ఊడిపోయి ఉంటే అన్నం మెతుకులతో మళ్ళీ అతికించింది.

ఎల్ఎల్ఆర్ గడువు ఇంకా మిగిలే ఉంది, నాలుగు రోజులు. లిఖిత పరీక్షకు పేరు నమోదు చేసింది. ఇద్దరూ ఇసుక మైదానం పక్కన సిమెంటు నేల మీదికి వెళ్ళారు. పొద్దున్నుంచి తిప్పుతూ తిప్పుతూ, ఇక చాలు ఇంటికి పోదామని లిఖిత అనబోతుండగా, మంగవేణి కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేసింది. బండి ఆపి, దిగకుండా అలాగే కూర్చుంది. గోడ మీద ఉన్నప్పుడు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. సంతోషంతోనే. ఇది ఇంత తేలికా అని కూడా ఏడ్చి ఉండవచ్చు. పరీక్ష మర్నాడు ఉదయం.

మధ్యాహ్నానికి తుపాను కబురు వచ్చింది. రాయి ఇంకా పెరట్లోనే ఉంది, గోడకు ఎక్కలేదు. తాతారావు తుపాను వెళ్ళాక వస్తానని ఫోను కట్టేశాడు. చెక్కిన గోడ ఒట్టి ఇటుకతో నిలబడి ఉంది. రవాణా కార్యాలయంవారు పరీక్షలు వాయిదా వేశారు. గడువు మాత్రం వాయిదా వేయలేదు, అది వాళ్ళ చేతుల్లో లేదట. "రేపు ఒక్క గంట తెరిపిచ్చినా తలుపు కొట్టి అడుగుదాం" అంది లిఖిత. మంగవేణి తలూపింది. వరండాలో స్టాండు వేసిన స్కూటీ మీదే కూర్చుని, హ్యాండిలు అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

వాన తూర్పునుంచి కొట్టింది. లోపల మొదట గోడ రంగు మారింది, తర్వాత చెమ్మ కారడం మొదలైంది. సన్యాసిరావు టీవీ తీసి బల్ల మీద పెట్టాడు. మంచం జరిపాడు. దిండు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన భార్యను పిలవలేదు. ఏమీ అడగలేదు. ఈ మాట ఆయన ఎవరి దగ్గరైనా, ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేసి చెప్పగలడు. ఆయన గోడ వైపు తిరిగి, గోడతోనే అన్నాడు.

"చెమ్మొచ్చీసింది."

వరండాలో హ్యాండిలు ఆగింది. మంగవేణి స్కూటీ దిగి, తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టింది. కొంగు నడుముకు దోపుకుని వానలోకి నడిచింది.

"అమ్మా, రేపు..." అంది లిఖిత.

"తెరిపిచ్చేదాకానే" అంది మంగవేణి.

మేస్త్రీ అవసరం లేకపోయింది. అలవాటున్న పని కదా. మడమలు పునాది రాయి మీద ఆనించి, కుడిచెయ్యి ఎప్పటిలా వదిలి, ఎడమచెయ్యి పైకి చాచి, పిట్టగోడ అందేదాకా తనను తానే లాక్కుంది. లోపల కారడం తగ్గింది. పూర్తిగా మటుకు ఆగలేదు. ఈ అయిదారు నెలల్లో ఆవిడ తరిగిపోయింది. పూర్వం సరిపోయిన గోడకు ఇప్పుడు ఉత్తరం అంచున జానెడు చోటు మిగిలిపోయింది. వాన దాన్ని వెతికి పట్టుకుంది.

చీకటి పడకముందే లిఖిత కాఫీ తెచ్చింది, స్టీలు గ్లాసు మీద మూత పెట్టి, తల మీద ప్లాస్టిక్ సంచీ కప్పుకుని. తల్లి నోటికి గ్లాసు అందించబోతూ ఆ జానెడు చోటు చూసింది. అక్కడ ఇటుకల మధ్యనుంచి నీళ్ళు లోపలికి పోతున్నాయి. తల్లి పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ చోటును కూడా కప్పాలని ఆవిడ ఇంకా లాక్కుంటోంది, పాత బీట మళ్ళీ విచ్చుకుంటోంది.

"ఇంక లాక్కోకు" అంది లిఖిత. "నువ్వు కాఫీ తాగేదాకా నేను నిలబడతాను."

తాళంచెవి ఇంకా పిడికిట్లోనే ఉంది. గ్లాసు తల్లి చేతిలో పెట్టి, వెళ్ళి ఆ అంచున నిలబడింది. జానెడు చోటుకు ఆ పిల్ల సరిగ్గా సరిపోయింది. కొలిచినవాళ్ళు ఎవరూ లేరు.

లోపలినుంచి సన్యాసిరావు గొంతు వినిపించింది. ఎన్నాళ్ళకో ఆ గొంతులో నెమ్మది ఉంది.

"ఆఁ, ఆగింది. కొంచెంసేపు అలాగే ఉంచండి."

ఎవరితో అన్నాడో ఆయనకూ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు.

మంగవేణి కాఫీ తాగలేదు. గ్లాసు పట్టుకుని కూతురి వైపు చూసింది. పొమ్మని చెప్పాలి. బండి తీసుకుని, తుపానులోనైనా సరే, ఈ వరసలో ఏ గోడా లేని చోటికి పొమ్మని చెప్పాలి. ఆ మాట ఆవిడకు తెలుసు, నోటిదాకా వచ్చింది కూడా. వాన ఇంకా పెరిగింది. పిల్ల వణుకుతోంది, నిలబడటం తెలియక వీపు మొత్తం తడి ఇటుకకు ఆనించేసింది. అది చూశాక మంగవేణికి ఇంకే మాటా గుర్తు లేదు. కొంచెం పక్కకు జరిగి, కూతురికి చోటిచ్చింది.

"వీపు ఆనించకు లిఖీ, చలి పట్టీస్తాది" అంది. "భుజం ఆనించు. నడుం నొప్పి రాదు."